బిజినెస్ స్కూల్ కోర్సుల రిజిస్ట్రేషన్ సేవ: మూడు సెమిస్టర్లు వాడిన తర్వాత

ఎంబీఏలో చేరిన విద్యార్థికి క్లాసుల కంటే ముందు ఎదురయ్యేది కోర్సుల ఎంపిక. నేను చదువుతున్న బిజినెస్ స్కూలు పేరు ఇక్కడ రాయడం లేదు. ఈ సమీక్ష బోధన గురించి కాదు, కోర్సుల ప్రణాళిక, రిజిస్ట్రేషన్ కోసం స్కూలు అందించే సేవ గురించి మాత్రమే. ఆ సేవలో ఒక ఆన్‌లైన్ పోర్టల్, ఒక అడ్వైజింగ్ ఆఫీసు, రెండో సెమిస్టర్ నుంచి ఎలక్టివ్‌ల (మనం ఎంచుకునే కోర్సుల) కోసం జరిగే పాయింట్ల బిడ్డింగ్ (వేలం) ఉన్నాయి. మూడు సెమిస్టర్లు ఈ మూడింటినీ వాడాను, నాలుగోదానికి సిద్ధమవుతున్నాను. మొత్తం మీద ఐదుకు మూడు ఇస్తాను. విడివిడిగా ఇవ్వమంటే అడ్వైజింగ్‌కు ఐదు, బిడ్డింగ్‌కు మూడు, పోర్టల్‌కు ఒకటిన్నర ఇస్తాను.

మా డిగ్రీకి 60 క్రెడిట్లు, అంటే కోర్సులు పూర్తిచేస్తే లెక్కకు వచ్చే యూనిట్లు, కావాలి. మామూలు కోర్సుకు 3 క్రెడిట్లు, సగం సెమిస్టర్ మాత్రమే నడిచే ఎలక్టివ్‌కు 1.5 క్రెడిట్లు. ఒక సెమిస్టర్‌లో 16.5 క్రెడిట్లకు మించి తీసుకోవాలంటే ప్రత్యేక అనుమతి ఉండాలి. మొదటి సెమిస్టర్‌లో అకౌంటింగ్, స్టాటిస్టిక్స్, మైక్రో ఎకనామిక్స్, కార్పొరేట్ ఫైనాన్స్, మార్కెటింగ్ అనే ఐదు కోర్ (తప్పనిసరి) సబ్జెక్టులు ముందే మన పేరు మీద నమోదై ఉంటాయి. వాటిలో అకౌంటింగ్, ఫైనాన్స్ వారానికి రెట్టింపు క్లాసులతో సగం సెమిస్టర్‌లోనే ముగుస్తాయి కాబట్టి, అకౌంటింగ్ పూర్తయ్యాకే ఫైనాన్స్ మొదలవుతుంది. కోరుకున్నవారు ఐదింటిలో ఒకదాన్ని రెండో సెమిస్టర్‌కు వాయిదా వేసుకోవచ్చు. చూడటానికి ఇది చిన్న సౌకర్యంలా ఉంటుంది కానీ, కొత్తగా చేరిన విద్యార్థి తెలియక చేసే అతిపెద్ద పొరపాటుకు దారి ఇక్కడే ఉంది. నేను ఆ పొరపాటు అంచు దాకా వెళ్ళి వచ్చాను.

నాకు ఫైనాన్స్ నేపథ్యం లేదు. మొదటి సెమిస్టర్‌లోనే వేసవి ఇంటర్న్‌షిప్‌ల కోసం కంపెనీల పరిచయ సభలు, దరఖాస్తులు, ఇంటర్వ్యూలకు సన్నద్ధం కావడం మొదలవుతాయని సీనియర్లు చెప్పారు. కష్టమైన సబ్జెక్టును వాయిదా వేస్తే కాస్త ఊపిరి పీల్చుకోవచ్చన్న ఆలోచనతో కార్పొరేట్ ఫైనాన్స్ పక్కన ఉన్న 'వాయిదా' గడిలో టిక్కు పెట్టాను. పోర్టల్ ఏ అభ్యంతరమూ చెప్పలేదు. పచ్చరంగు పెట్టెలో 'మార్పు నమోదైంది' అని చూపించి ఊరుకుంది.

రెండు రోజుల తర్వాత అడ్వైజర్‌తో 20 నిమిషాల అపాయింట్‌మెంట్ దొరికింది. ఆవిడ నా ప్రణాళికను స్క్రీన్ మీద చూడకుండా ఒక తెల్లకాగితం తీసి, నాలుగు నిలువు గీతలు గీసి, "చివర్నుంచి మొదలుపెడదాం. ఇక్కడి నుంచి బయటికి వెళ్ళేలోపు తప్పకుండా చదవాలనుకుంటున్న కోర్సు ఏది?" అని అడిగారు.

"మెర్జర్స్ అండ్ అక్విజిషన్స్ అండీ." కంపెనీల విలీనాలు, కొనుగోళ్ళ గురించిన కోర్సు అది.

"అది బేసి సెమిస్టర్లలోనే ఉంటుంది. మొదటి సెమిస్టర్‌లో మీకు కుదరదు కాబట్టి ఇక మూడోదే." ఆవిడ మూడో గడిలో ఆ పేరు రాశారు. "దానికి ముందు వాల్యుయేషన్, అంటే కంపెనీ విలువ కట్టే కోర్సు, పూర్తయి ఉండాలి. వాల్యుయేషన్ సరి సెమిస్టర్లలోనే ఉంటుంది, అంటే రెండోదాంట్లో చదవాలి. వాల్యుయేషన్‌కు ముందు కార్పొరేట్ ఫైనాన్స్ పూర్తయి ఉండాలి. ఇప్పుడు చెప్పండి, ఫైనాన్స్ ఎప్పుడు చదవాలి?"

పెన్సిల్ మొదటి గడి మీద ఆగింది. నేను వాయిదా వేసిన ఒక్క సబ్జెక్టుతో వాల్యుయేషన్ నాలుగో సెమిస్టర్‌కు జారిపోతుంది, మెర్జర్స్ కోర్సు నా రెండేళ్ళలో ఇక ఎక్కడా పట్టదు. వేసవి ఇంటర్న్‌షిప్ రెండో సెమిస్టర్ తర్వాత వస్తుంది కాబట్టి, ఫైనాన్స్ వైపు వెళ్ళాలనుకునే విద్యార్థి కంపెనీ విలువ కట్టడం నేర్చుకోకుండానే ఆ ఇంటర్న్‌షిప్‌కు వెళ్ళవలసి వస్తుంది. తప్పనిసరిగా ఏదో ఒకటి వాయిదా వేయాలనుకుంటే, నా దారికి మార్కెటింగ్ వాయిదా వేస్తే నష్టం తక్కువని ఆవిడ అన్నారు. బ్రాండ్ మేనేజ్‌మెంట్ ఉద్యోగం కోరుకునేవారికి అదే సలహా తలకిందులవుతుందని కూడా చెప్పారు. చివరికి నేను ఏదీ వాయిదా వేయలేదు. ఆ కాగితం ఇప్పటికీ నా దగ్గరే ఉంది.

పోర్టల్‌పై నా ప్రధాన ఫిర్యాదు ఇదే. ఒక కోర్సు పేజీ తెరిస్తే దాని కంటే ముందు చదవవలసిన కోర్సు ఒక్కటే కనిపిస్తుంది, అదీ పేజీ అడుగున చిన్న అక్షరాలలో. మెర్జర్స్ పేజీలో వాల్యుయేషన్ అని ఉంటుంది, ఆ వాల్యుయేషన్‌కు ముందు ఏముందో తెలుసుకోవాలంటే మరో పేజీ తెరవాలి. కోర్సు ఏ సెమిస్టర్‌లో నడుస్తుందన్న వివరం ఆ రెండు పేజీలలోనూ లేదు, అది వేరే చోట పీడీఎఫ్‌గా ఉంది. ప్రోగ్రామ్ అంతా ఒకదానిపై ఒకటి ఆధారపడిన గొలుసులుగా ఉంటే, పోర్టల్ ఒక్కో లంకెను విడదీసి చూపిస్తుంది. ఈ రోజు ఏ సీటు ఖాళీగా ఉందో చెప్పడం దానికి బాగా వచ్చు. ఈ రోజు తీసుకున్న నిర్ణయం వల్ల ఏడాది తర్వాత ఏ తలుపు మూసుకుంటుందో చెప్పడం దానికి చేతకాదు. ఆ లెక్క వేయడానికి కావలసిన సమాచారమంతా దాని దగ్గరే ఉందన్నది నా బాధ.

మినహాయింపు పరీక్షల సంగతి కూడా చెప్పాలి. డిగ్రీలో స్టాటిస్టిక్స్ లేదా అకౌంటింగ్ చదివినవారు ఒక పరీక్ష రాసి, కోర్ సబ్జెక్టు నుంచి మినహాయింపు పొందవచ్చు. చాలామంది దీన్ని క్రెడిట్ల తగ్గింపు అనుకుంటారు. సాధారణంగా బిజినెస్ స్కూళ్ళలో మినహాయింపు వేరు, క్రెడిట్ల బదిలీ వేరు. బదిలీలో గతంలో సంపాదించిన క్రెడిట్లు ఈ డిగ్రీ లెక్కలో చేరతాయి. మినహాయింపులో ఆ సబ్జెక్టు తప్పుతుంది గానీ, దాని 3 క్రెడిట్లను మరో ఎలక్టివ్‌తో పూడ్చవలసిందే. ఫీజు తగ్గదు, మంచి కోర్సుకు చోటు దొరుకుతుంది, అంతే. ఆ చోటు విలువైనదే, కానీ నాకు దక్కలేదు. పరీక్షకు తొమ్మిది రోజుల ముందు పంపిన స్వాగత వార్తాలేఖలో, క్యాంపస్ సందర్శన ఫొటోల కింద, చిట్టచివరి పేరాలో ఆ తేదీ ఉంది. నేను ఫొటోల దగ్గరే ఆగిపోయాను. అందులో నా తప్పు సగం ఉందని ఒప్పుకుంటాను. మిగతా సగం, ఇంత ముఖ్యమైన గడువును విడిగా ఒక ఈమెయిల్‌గా పంపని ఆఫీసుది. ఫలితంగా డిగ్రీలో చదివిన ప్రాబబిలిటీ పాఠాలనే మళ్ళీ ఒక సెమిస్టర్ పాటు విన్నాను.

రిజిస్ట్రేషన్ రోజు గురించి చెప్పుకోదగ్గది ఎక్కువ లేదు. ఒక్కొక్కరికి ఒక సమయం కేటాయిస్తారు, సీనియర్లకు ముందు, కొత్తవారికి చివర. పాత డిగ్రీ ఒరిజినల్ ట్రాన్స్‌క్రిప్ట్ అందకపోయినా, ఫీజు బాకీ ఉన్నా, ఆరోగ్య పత్రాలు ఇవ్వకపోయినా ఖాతాపై 'హోల్డ్' పడుతుంది, అది తొలగేవరకు ఏ కోర్సూ తీసుకోలేరు. మా పోర్టల్‌లో హోల్డ్‌లు రిజిస్ట్రేషన్ పేజీలో కాకుండా ప్రొఫైల్ పేజీలో కనిపిస్తాయి. కేటాయించిన సమయం రాకముందే ఆ పేజీ ఒకసారి తెరిచి చూసుకోవడం మంచిది. మా బ్యాచ్‌లో ఇద్దరు తమ సమయం వచ్చిన తర్వాతే ఆ సంగతి తెలుసుకున్నారు.

వెయిట్‌లిస్ట్ విషయంలో మాత్రం కాస్త ఆగాలి, ఎందుకంటే అది పనిచేసే పద్ధతి పేరును బట్టి మనం ఊహించుకునే పద్ధతి కాదు. మొదటి సెమిస్టర్‌లో ఐదు కోర్ సబ్జెక్టులకు 15 క్రెడిట్లు పోగా నాకు 1.5 మిగిలాయి. స్ప్రెడ్‌షీట్‌లతో ఫైనాన్షియల్ మోడలింగ్ నేర్పే సగం సెమిస్టర్ కోర్సు కావాలనుకున్నాను. అది నిండిపోవడంతో వెయిట్‌లిస్ట్‌లో రెండో స్థానం వచ్చింది. ఈలోగా ఖాళీగా ఉండటం ఎందుకని, పెద్దగా ఆసక్తి లేని మరో 1.5 క్రెడిట్ల కోర్సులో చేరి ఉంచాను. మూడు రోజులలో మోడలింగ్ నుంచి ఇద్దరు తప్పుకున్నారు, నాకు సీటు రాలేదు. జాబితాలో నా కంటే వెనక ఉన్న సహాధ్యాయికి వచ్చింది.

కారణం సులువైనదే. నా ఖాతాలో అప్పటికే 16.5 క్రెడిట్లు నిండి ఉన్నాయి. నా వంతు వచ్చినప్పుడు సిస్టమ్ కోర్సును చేర్చబోయి, పరిమితి దాటుతుందని చూసి, నన్ను దాటేసి ముందుకు వెళ్ళింది. కోర్సుల వేళలు ఢీకొన్నా ఇదే జరుగుతుంది. వెయిట్‌లిస్ట్‌లో చేరేటప్పుడు ఈ తనిఖీ చేయదు, సీటు ఇచ్చే క్షణంలోనే చేస్తుంది, ఫలితాన్ని మనకు చెప్పదు. హెల్ప్‌డెస్క్‌కు రాస్తే, నియమం సహాయ పేజీలో ఉందని మర్యాదగానే సమాధానం వచ్చింది. నిజంగానే ఉంది. అదే పేజీలో 'మార్పిడి' అనే సౌకర్యం గురించి కూడా ఉంది. ఫలానా కోర్సులో సీటు దొరికితే ఫలానా కోర్సును వదిలెయ్యమని ముందుగానే చెప్పి ఉంచే ఏర్పాటు అది. నాకు కావలసింది సరిగ్గా అదే. వెయిట్‌లిస్ట్ బటన్ పక్కన ఉండవలసిన ఆ సౌకర్యాన్ని మూడో మెనూలో, 'ఇతర చర్యలు' కింద దాచిపెట్టారు. ఈ సమీక్ష చదివిన కొత్త విద్యార్థులు తమ పోర్టల్‌లో అలాంటిది ఉందేమో మొదటి రోజే వెతుక్కోవాలని నా మనవి.

రెండో సెమిస్టర్ నుంచి ఎలక్టివ్‌లు బిడ్డింగ్ ద్వారా ఇస్తారు. ప్రతి విద్యార్థికి సెమిస్టర్‌కు 1000 పాయింట్లు ఉంటాయి. కావలసిన కోర్సులపై వాటిని పంచుకోవాలి. ఒక కోర్సులో 40 సీట్లుంటే ఎక్కువ పాయింట్లు పెట్టిన 40 మందికి అవి దక్కుతాయి. ఆ 40 మందిలో అతి తక్కువ పెట్టినవారి బిడ్డే ముగింపు ధర, అందరూ అంతే చెల్లిస్తారు. గత సెమిస్టర్ల ముగింపు ధరలను స్కూలు ప్రచురిస్తుంది. ఈ పారదర్శకతకు నా మెప్పు ఉంది.

నేను నెగోషియేషన్ కోర్సుపై 520, వాల్యుయేషన్‌పై 300, రెండు సగం సెమిస్టర్ కోర్సులపై చెరో 90 పెట్టాను. నెగోషియేషన్‌కు అంత ఎందుకు పెట్టానంటే, ఇద్దరిద్దరుగా కూర్చుని బేరసారాలు సాధన చేసే కోర్సు కాబట్టి సీట్లు ఎప్పుడూ తక్కువే ఉంటాయని, పోటీ విపరీతంగా ఉంటుందని అందరూ అన్నారు. అది 180కి ముగిసింది. నేను 90 పెట్టిన కోర్సుల్లో ఒకటి 115కి ముగిసి చేజారింది. నెగోషియేషన్‌లో మిగిలిన 340 పాయింట్లు తిరిగి వచ్చాయి, కానీ అవి రెండో రౌండులో మాత్రమే చెల్లుతాయి. రెండో రౌండుకు మిగిలేది ఎవరికీ పట్టని కోర్సులే. వాన వెలిశాక చేతికందిన గొడుగులా ఉన్నాయవి. బేరమాడటం నేర్పే కోర్సు కోసం ఇంత అధ్వానంగా బేరమాడినందుకు మిత్రులు ఇప్పటికీ నవ్వుతారు.

దీనిలో నా తెలివితక్కువతనం పాలు పోగా, పద్ధతిలోనే ఒక చిక్కు ఉంది. పాయింట్ అనే ఒకే అంకె రెండు పనులు చేయవలసి వస్తోంది. ఈ కోర్సు నాకు ఎంత ఇష్టమో చెప్పేదీ అదే, ఇతరులతో పోటీపడి సీటు గెలిచేదీ అదే. ఎంతో ఇష్టమైన కోర్సు తక్కువ ధరకే ముగుస్తుందనుకుంటే తక్కువే పెడతాం, అప్పుడు సిస్టమ్ అది మనకు అంతగా అక్కర్లేదని అర్థం చేసుకుంటుంది. మిషిగన్ విశ్వవిద్యాలయ బిజినెస్ స్కూలు బిడ్డింగ్‌ను ఉదాహరణగా తీసుకుని తైఫున్ సోన్‌మెజ్, ఉత్కు ఉన్వెర్ అనే ఆర్థికవేత్తలు 2010లో ప్రచురించిన పరిశోధనాపత్రం సరిగ్గా ఈ లోపాన్నే చూపింది. ఇష్టాల క్రమాన్ని విడిగా, బిడ్లను విడిగా అడగాలని వారు ప్రతిపాదించారు.

బిడ్డింగే లేని పద్ధతులకు కూడా తమ చిక్కులు ఉన్నాయి. హార్వర్డ్ బిజినెస్ స్కూల్‌లో మొదటి ఏడాది అందరికీ ఒకే నిర్బంధ పాఠ్యక్రమం, ఎలక్టివ్‌లు రెండో ఏడాదే. ఎరిక్ బుడిష్, ఎస్టెల్ కాంటియోన్ అనే ఆర్థికవేత్తలు 2012లో విశ్లేషించిన అక్కడి పద్ధతిలో విద్యార్థులు తమ ఇష్టాల జాబితా ఇస్తారు. కంప్యూటర్ చీట్లు వేసినట్టు ఒక వరుస నిర్ణయించి ఒక్కొక్కరికి ఒక్కో కోర్సు ఇస్తుంది, తర్వాతి రౌండులో ఆ వరుస తిరగబడుతుంది. గిరాకీ ఉన్న కోర్సులను నిజమైన ఇష్టం కంటే పైన రాయడం అక్కడ విద్యార్థులు అలవాటు చేసుకున్న ఎత్తుగడ అని వారి పరిశోధన చెబుతుంది. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయ బిజినెస్ స్కూలు అయిన వార్టన్ పాత వేలం పద్ధతిని వదిలి, 2013లో కోర్స్ మ్యాచ్ అనే విధానానికి మారింది. బుడిష్ 2011లో ప్రతిపాదించిన సిద్ధాంతమే దానికి పునాది. అందులో విద్యార్థి బిడ్లు వేయడు, ఒక్కో కోర్సు తనకు ఎంత విలువైనదో అంకెల్లో చెబుతాడు. ధరలను కంప్యూటరే లెక్కగట్టి, ఉత్తుత్తి డబ్బు బడ్జెట్‌లో ఆ విద్యార్థి కొనగలిగిన అత్యుత్తమ టైమ్‌టేబుల్‌ను ఇస్తుంది. ఇతరులు ఎంత పెడతారో ఊహించే శ్రమ అక్కడ విద్యార్థికి చాలావరకు తప్పుతుంది. మా స్కూలు అంత దూరం వెళ్ళాలని నేను కోరను. మిగిలిన పాయింట్లను తర్వాతి సెమిస్టర్‌కు చెల్లేలా చేసినా, 340 పాయింట్ల గొడుగు వచ్చే వానకైనా పనికొచ్చేది.

పోర్టల్‌లోని డిగ్రీ ఆడిట్ పేజీ గురించి ఒక హెచ్చరిక. ఎన్ని క్రెడిట్లు పూర్తయ్యాయో, ఏ నియమాలు మిగిలాయో అది చూపిస్తుంది. కానీ ప్రస్తుతం చదువుతున్న కోర్సును కూడా పూర్తయినట్టే లెక్కవేసి టిక్కు పెడుతుంది. ఆ కోర్సును మధ్యలో వదిలేస్తే టిక్కు మాయమవుతుంది. మా ముందు బ్యాచ్‌లో ఒకరు చివరి సెమిస్టర్‌లో ఇలాగే 1.5 క్రెడిట్లు తక్కువ పడి, స్నాతకోత్సవానికి ముందు సగం సెమిస్టర్ కోర్సు కోసం పరుగులు పెట్టారు. పాస్, ఫెయిల్ పద్ధతిలో తీసుకున్న కోర్సు డిగ్రీ లెక్కలోకి వచ్చినా, స్పెషలైజేషన్ లెక్కలోకి రాదు. ఒకే కోర్సును రెండు స్పెషలైజేషన్లకు చూపించుకోవడానికీ పరిమితి ఉంది. ఈ నియమాలు స్కూలును బట్టి మారతాయి కాబట్టి ఆడిట్ పేజీ టిక్కును నమ్మకుండా, తాము చేరిన ఏటి హ్యాండ్‌బుక్‌ను దగ్గర పెట్టుకోవాలి.

కోర్సు మార్చుకునే గడువు విషయంలో స్కూలును మెచ్చుకోవాలి. మొదటి రెండు వారాలలో వదిలేస్తే ట్రాన్స్‌క్రిప్ట్‌లో ఆనవాలు ఉండదు. ఆ తర్వాత వదిలితే, కోర్సు మధ్యలో మానేశామనే గుర్తుగా 'డబ్ల్యూ' అక్షరం మిగిలిపోతుంది. ఈ తేదీలను మాత్రం పోర్టల్ ప్రతి పేజీ పైన, అందరికీ కనిపించేలా పెట్టింది. ఇదే శ్రద్ధ మినహాయింపు పరీక్ష తేదీపై ఎందుకు లేదో అర్థం కాదు.

అడ్వైజింగ్‌కు ఐదుకు ఐదు ఇచ్చినా, ఒక లోటు చెప్పక తప్పదు. రిజిస్ట్రేషన్‌కు ముందు వారంలో అపాయింట్‌మెంట్‌లు దొరకవు. నాకు దొరికింది ఒకరు రద్దు చేసుకోవడం వల్ల. 20 నిమిషాలలో నా రెండేళ్ళను సరిదిద్దిన ఆ సేవ, అదృష్టం బాగున్నవారికే అందడం న్యాయం కాదు. ఆవిడ పెన్సిల్‌తో వేసిన ఆ నాలుగు గడుల పట్టీని ఖాళీ నమూనాగా ప్రవేశపత్రంతో పాటే పంపినా, ఆఫీసు ముందు క్యూ సగం తగ్గుతుంది.

కిందటి సెమిస్టర్ చివర ఇచ్చిన అభిప్రాయ ఫారంలో ఇదంతా రాశాను. ఈ నెల పోర్టల్ తెరిస్తే, కోర్సుల జాబితాలో 'ఏ సెమిస్టర్' అనే కొత్త నిలువు వరుస చేరి ఉంది. మెర్జర్స్ ఎదురుగా 'బేసి' అని ఉంది. వాల్యుయేషన్ ఎదురుగా ఇంకా ఖాళీయే. అది నిండేవరకు మూడే, నిండిన రోజు నాలుగుకు మారుస్తాను.